పదో తరగతి తర్వాత వృత్తివిద్య: స్వధర్మం పుట్టుకతో వచ్చేదా, ఎంచుకునేదా?

పదో తరగతి పూర్తయిన విద్యార్థికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపీసీ, బైపీసీ కాక వేరే దారులు చాలానే ఉన్నాయి. ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాదిలో, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లలో పూర్తవుతాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లకు డిప్లొమా చేతికొస్తుంది. ఇంటర్మీడియట్ బోర్డే రెండేళ్ల ఒకేషనల్ కోర్సులు నడుపుతోంది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద వ్యవసాయ డిప్లొమా ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారంలోనే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన కె.కోటపాడు వంటి వ్యవసాయ మండలానికి ఈ చదువులతో దొరికే కొలువులు మరీ దూరం కావు. విశాఖలో ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు ఉన్నాయి. పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో బట్టల కర్మాగారాలు ఉన్నాయి.

అయినా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు లెక్క జీతం దగ్గర ఆగదు. మార్కులొస్తే ఇంటర్, రాకపోతే ఐటీఐ అనుకోవడంలోనే ఒక తీర్పు దాగి ఉంది. చేతిపని అసలు చదువే కాదనీ, చదువు అబ్బనివాడికి మిగిలేది అదేననీ ఆ తీర్పు. దీని వెనుక రెండు పాత ప్రశ్నలున్నాయి. పనిలోని నేర్పు జ్ఞానం కిందకి వస్తుందా? ఏ మనిషికి ఏ పని తగునో నిర్ణయించేది ఏది?

మొదటి ప్రశ్నకు జవాబు చోడవరం, అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం పెనం దగ్గరే దొరుకుతుంది. గానుగలోంచి వచ్చిన చెరకు రసాన్ని పెనంలో పోసి, ఎండిన పిప్పితో మంట పెడతారు. కొద్దిగా సున్నం వేస్తే మురికి పైకి తేలుతుంది. ఆ మడ్డిని ఎప్పటికప్పుడు తీసేస్తారు. సున్నం తగ్గితే మడ్డి సరిగా విడవదు, ఎక్కువైతే బెల్లం రంగు ముదురుతుంది. రసం చిక్కబడేకొద్దీ బుడగ తీరు మారుతుంది, పొంగు మారుతుంది, వాసన మారుతుంది. పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేసి, వేళ్లతో నొక్కి, ఉండ కట్టిందని తేల్చుకున్నాక పెనం దించుతారు. కాస్త ముందు దించితే అచ్చు నిలవదు, కాస్త ఆలస్యమైతే మాడు వాసన వస్తుంది. ప్రయోగశాల భాషలో అది సుమారు 118 డిగ్రీల సెల్సియస్. వండేవాడికి ఆ అంకె తెలియకపోవచ్చు. అంకె మాత్రమే తెలిసినవాడు పెనం ముందు నిలబడితే బెల్లం దిగదు.

ఇంగ్లండ్ తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లో వెలువరించిన గ్రంథంలో ఈ రెండు తెలివిడుల మధ్య భేదాన్ని గట్టిగా చర్చించాడు. తెలివిగా చేసే ప్రతి పనికీ ముందు మనసులో ఒక సూత్రం తలచుకోవాలన్న వాదాన్ని ఆయన తోసిపుచ్చాడు. సూత్రాన్ని తలచుకోవడం కూడా ఒక పనే కదా. దాన్ని తెలివిగా చేయడానికి మరో సూత్రం కావాలి, దానికి ఇంకొకటి, ఇలా అంతే ఉండదు. కాబట్టి నేర్పు సూత్రానికి నకలు కాదు, తనంతట తానే ఒక జ్ఞానం.

ఉపనిషత్తుల వైపు నుంచి చూస్తే విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ముండకోపనిషత్తులో శౌనకుడి ప్రశ్నకు అంగిరసుడు విద్యను పర, అపర అని రెండుగా విడదీస్తాడు. నశించనిదాన్ని తెలిపేది పరావిద్య. నాలుగు వేదాలూ, వ్యాకరణం, ఛందస్సు, జ్యోతిషం వంటి వేదాంగాలూ అపరావిద్య. వేదాధ్యయనమే కింది మెట్టు మీద ఉన్నప్పుడు, గ్రంథం చదివినవాడు బెల్లం వండేవాడిని చిన్నచూపు చూడటానికి ఈ ఉపనిషత్తు ఆధారం కాలేదు. ఆ ఎత్తు నుంచి చూస్తే పుస్తకమూ పనిముట్టూ ఒకే వరుసలోకి వస్తాయి.

ఇంతవరకు చిక్కేమీ లేదు. శ్రమను పొగడటానికి ఏ సభలోనూ ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కంతా రెండో ప్రశ్నలో ఉంది.

భగవద్గీత మూడో, పద్దెనిమిదో అధ్యాయాలు, లోపాలున్నా తన ధర్మమే మేలంటాయి. తన పనితోనే దేవుణ్ని అర్చించి సిద్ధి పొందవచ్చని పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. ఆ స్వధర్మం ఏదో తేల్చేది ఏమిటన్న చోటే వ్యాఖ్యాతలు విడిపోతారు. సంప్రదాయ భాష్యాలు దాన్ని పుట్టిన వర్ణంతో ముడిపెట్టాయి. ఆధునిక సంస్కర్తలు నాలుగో అధ్యాయంలో గుణకర్మల ప్రస్తావన పట్టుకుని, స్వభావమే ప్రమాణమన్నారు. రెండో అర్థం తీసుకుంటే ఒక బాధ్యత నెత్తిన పడుతుంది. పదిహేనేళ్ల పిల్ల స్వభావం దేనికి మొగ్గుతుందో ఆ పని చేతబట్టి చూడకుండా ఎవరికీ తెలియదు, ఆ పిల్లకు కూడా.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథను శ్రమగౌరవానికి ఉదాహరణగా తరచూ చెబుతారు. తెలుగులో ఇది ఎర్రన పూర్తిచేసిన భాగంలో వస్తుంది. తపస్సు చేసి కోపంతో కొంగను చంపిన కౌశికుడు, ఒక గృహిణి మాట మీద మిథిలకు వెళ్లి, మాంసం అమ్మే వ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. కసాయి గురువవుతాడు, బ్రాహ్మణుడు శిష్యుడవుతాడు. ఇది సామాన్యమైన తిరుగుబాటు కాదు. అయితే కథను జాగ్రత్తగా చదివితే ఇంకోటి కనిపిస్తుంది. ఈ పని ఎందుకు చేస్తున్నావన్న ప్రశ్నకు వ్యాధుడు, ఇది తాతతండ్రుల నుంచి వచ్చిన కులధర్మం, పూర్వకర్మ ఫలం అంటాడు. అతడికి జ్ఞానం దక్కింది, కొట్టు వదిలే వీలు మాత్రం దక్కలేదు. కథ పొగిడింది మనిషిని, అతడి ఎంపికను కాదు.

పాల్కురికి సోమనాథుడి బసవపురాణం మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య వంటి కష్టజీవులైన భక్తులను తలకెత్తుకుంది. బసవేశ్వరుడి కాలం నాటి శరణులు కాయకమే కైలాసమని నమ్మినవారు. ఏ పనీ తక్కువది కాదని పాటించి చూపారు. ఆ శరణుల కల్యాణ నగరంలోనే చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ బ్రాహ్మణుడు మధువరసు కూతురికీ పెళ్లి జరిగినందుకు రాజు బిజ్జలుడు కఠిన శిక్షలు వేశాడని సంప్రదాయ కథనం. పనిని పూజించడం వేరు, పనుల మధ్య గోడ దాటనివ్వడం వేరు. పన్నెండో శతాబ్దపు పాలన మొదటిదాన్ని కొంతకాలం ఓర్చుకుంది, రెండోదాన్ని ఓర్వలేదు.

1936లో కులనిర్మూలన ప్రసంగాన్ని అచ్చువేసిన అంబేద్కర్ వాదం సరిగ్గా ఈ గోడ గురించే. కులం పనిని విభజించడంతో ఆగక పనివాళ్లనే విభజిస్తుందని, అందులో వ్యక్తి ఇష్టానికి చోటు లేదని ఆయన అన్నాడు. పరిశ్రమలు మారినప్పుడు మనిషి వృత్తి మార్చుకోలేకపోతే నిరుద్యోగం తప్పదన్న ఆర్థిక అంశాన్నీ జోడించాడు. అది నేటి ట్రేడు కోర్సులకూ వర్తిస్తుంది.

గాంధీ ఆలోచన ఇక్కడ విచిత్రంగా రెండువైపులా ఉంటుంది. వంశపారంపర్య వృత్తిని ఆయన చాలాకాలం సమర్థించాడు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశం ఆమోదించి, జాకిర్ హుస్సేన్ సంఘం తీర్చిదిద్దిన నయీ తాలీం మాత్రం వేరే దారి పట్టింది. ఏడేళ్ల నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతివృత్తి చుట్టూ అల్లిన పాఠాలు. తరగతిలో ప్రతి పిల్లవాడూ, ఏ ఇంటి నుంచి వచ్చినా, అదే తకిలీ పట్టాలి. లెక్కలూ భూగోళమూ ఆ నూలు చుట్టూనే నేర్చుకోవాలి. పిల్లల ఉత్పత్తితో బడి ఖర్చు గట్టెక్కాలన్న ఆశ మీద విమర్శ వచ్చింది, అది న్యాయమైనదే. కానీ వృత్తి అందరిదీ కావాలన్న మూలసూత్రం నిలబడింది.

పదహారేళ్ల తర్వాత మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం పైకి దీనికి తోబుట్టువులా కనిపించి, లోపల విరోధిగా తేలింది. 1953 వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేనాటికి విశాఖపట్నం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న గానీ ఏర్పడలేదు. బడులు చాలవు, డబ్బు చాలదు. కాబట్టి గ్రామీణ బడిలో పూటకు మూడు గంటల చదువు, రెండు పూటలా వేర్వేరు పిల్లలు, మిగిలిన సమయంలో పిల్లవాడు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. వార్ధాలో వృత్తి బడిలోకి వచ్చింది, ఇక్కడ పిల్లవాడు బడి నుంచి తండ్రి వృత్తిలోకి వెళ్లాడు. చాకలి కొడుకు చాకిరేవుకే, పురోహితుడి కొడుకు పంచాంగానికే. విమర్శకులు దానికి కులవిద్యా పథకమని పేరుపెట్టారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక పథకం రద్దయింది. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ, బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి వృత్తిలో పిల్లలు సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చినప్పుడు పాత అభ్యంతరమే మళ్లీ వినిపించింది.

నేటి వృత్తివిద్యను తూచాల్సింది వార్ధాకూ రాజాజీ పథకానికీ ఉన్న ఈ తేడాతోనే. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలందరికీ పది రోజులు సంచి లేకుండా స్థానిక వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని చూసే అవకాశం ఉండాలంది. ఇది వార్ధా వైపు అడుగు. తొమ్మిది, పది తరగతుల్లో సమగ్ర శిక్షా కింద నడిచే వృత్తి కోర్సులు మాత్రం ఎక్కువగా ప్రభుత్వ పాఠశాలలకే పరిమితం. కార్పొరేట్ బడిలో చదివే పిల్లవాడికి ఆ పనిముట్టు కనిపించదు. ఒక వర్గం పిల్లలే నేర్చుకునే పనికి ఎన్ని పొగడ్తలు పెట్టినా గౌరవం రాదు.

పుట్టుక అంటే కులమొక్కటే కాదు. కుట్టుపని, బ్యూటీషియన్ అమ్మాయిలకు, వెల్డింగ్, ఫిట్టర్ అబ్బాయిలకు అన్న పంపకం కూడా పుట్టుకతో జరిగేదే. అచ్యుతాపురం బ్రాండిక్స్ బట్టల నగరంలో కుట్టుమిషన్ల ముందు కూర్చునేవారిలో అత్యధికులు ఆడవాళ్లే. ఆ జీతం ఎన్నో ఇళ్లను నిలబెట్టిందనేది నిజం. ఆ అమ్మాయిల్లో ఎవరికైనా లేత్ మెషిన్ పట్టే అవకాశం ముందుగా ఎదురైందా అన్నది వేరే ప్రశ్న.

ఎంపిక నిజమైనదా కాదా అని తేల్చే మరో గుర్తు, దారి మార్చుకునే వీలు. ఐటీఐ ముగించినవారికి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది. డిప్లొమావాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్తారు. ఒకేషనల్ ఇంటర్ వాళ్లకు సాధారణ డిగ్రీవైపు మళ్లేందుకు బ్రిడ్జి కోర్సులున్నాయి. సాధారణ చదువు నుంచి వృత్తివిద్యవైపు రావడానికీ నిషేధమేమీ లేదు. ఐటీఐ ప్రవేశానికి కనీస వయసు 14 ఏళ్లు, గరిష్ఠ వయసు అంటూ ఏదీ లేదు.