గంగమ్మ పురిట్లో ఉన్న వేళ

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. మోటారు లేని చిన్న పడవలకు మాత్రం మినహాయింపు. మనకిది పేపర్లో ఓ మూల కనబడే ప్రకటన. మత్స్యకారులుండే అంతర్వేది పల్లిపాలెంలో ఊరంతా కలిసి పట్టే నోము.

వేసవి సెలవులొస్తే హైదరాబాద్ చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లల్లో యాత్రల మాట మొదలవుతుంది. కోఠి వెళ్లి సంచులు కొనుక్కోవడం, వ్యాను మాట్లాడుకోవడం, రెండు రోజుల్లో ఎన్ని గుళ్లు చుట్టగలమో లెక్క వేసుకోవడం. ఈసారి ఆ లెక్క మానేసి ఒక్క ఊరికే వెళ్లండి. సికింద్రాబాద్‌లో రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే నరసాపురంలో దిగుతారు. రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి ఆటోలో అంతర్వేది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఎండాకాలం మామూలు రోజుల్లో లక్ష్మీనరసింహస్వామి ఎదుట తీరిగ్గా నిలబడొచ్చు, వెనక నుంచి నెట్టేవాళ్లుండరు.

ఇప్పుడు మనం చూసే ఆలయాన్ని 1823 నాటికి పూర్తి చేయించింది కోపనాతి కృష్ణమ్మ. సముద్రాన్ని నమ్ముకుని బతికే అగ్నికుల క్షత్రియుల్లో పుట్టినవాడు. స్థలపురాణం సంగతి చాలామందికి తెలిసిందే. రక్తావలోచనుడనే రాక్షసుడి రక్తం ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుడతారని వరం. స్వామి చక్రం వేస్తున్నా లాభం లేకపోయింది. చివరికి ఆయన సోదరి అశ్వరూఢాంబిక ఆ రక్తాన్ని నేల తాకనివ్వకుండా పట్టాకే వాడు చచ్చాడు. మన కోరికల తీరూ అంతే కదా. ఒకటి తీరితే పది మొలుస్తాయి. వాటితో యుద్ధం చేసి గెలిచినవాళ్లు అరుదు, నేల తాకనివ్వకపోవడమే ఉపాయం. వేదాంతులు శమదమాల పక్కనే ఉపరతిని, అంటే విషయాల నుంచి మరలడాన్ని, ఎందుకు నిలబెట్టారో నాకు ఆ తీరంలో తెలిసొచ్చింది.

పల్లిపాలెంలో ఒడ్డుకు లాగిన పడవల నీడన వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల అంచు తగిలించి, బిగువుగా లాగిపట్టి, తెగిన కన్ను పక్కన కొత్త ముడి వేస్తున్నాడు. ముడి పడగానే గోటితో నొక్కి చూసుకుంటాడు, జారితే విప్పి మళ్లీ వేస్తాడు. తొందర లేదు.

“వేట లేక ఇబ్బందిగా ఉందా తాతా?” అని అడిగాను.

“ఇబ్బంది లేకేం బాబూ! అయినా గంగమ్మ పురిట్లో ఉంది. ఇప్పుడు గుమ్మం తొక్కకూడదు” అన్నాడు.

మన ఏకాదశి ఉపవాసానికి పళ్లూ పాలూ తోడుంటాయి. వాళ్ల ఉపవాసం పొయ్యి మీద పడుతుంది. 2025లో వేట విరామ భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది వేల నుంచి 20,000 రూపాయలకు పెంచింది, మంచిదే. కానీ రెండు నెలల సంసారానికి, పిల్లల చదువుకు, పడవ మరమ్మతుకు అది ఏ మూలకు? అంత కష్టంలోనూ ఎదురుగా ఉన్న సంపద మీదికి చెయ్యి చాపకుండా ఆగడాన్ని నేను తపస్సనే అంటాను. ఈశావాస్యం మొదటి మంత్రంలో త్యాగాన్నీ అనుభవాన్నీ ఒకే మాటలో పెట్టిన ఋషికి వీళ్లు దగ్గరివాళ్లు.

అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ పుస్తకాల మీద వేసవంతా వంగి కూర్చునే పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనుంది. రెండు రోజులు పుస్తకం మూస్తే చదివింది ఎక్కడికీ పోదు. పొద్దున దర్శనం చేసుకుని, ఎండ తగ్గాక నదీ సముద్రమూ కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. ఫోను సంచిలోనే ఉండనివ్వండి. తిరిగొచ్చేటప్పుడు పల్లిపాలెంలో ఆగి, ఏ చిన్న కొట్టు కనిపిస్తే ఆ కొట్లో టీ తాగండి, ఏదైనా కొనండి, బేరమాడకండి. వేట ఆగిన ఆ రెండు నెలలూ ఆ ఊళ్లో మర పడవల వేట మీద రాబడి ఉండదు.