కూలియా? వరమా?



మా నాగారములో ఒక వృద్ధురాలు నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, నా చేతులతో ఇక పని కాదు. కానుక వేయుటకు పైసా లేదు. దేవుడు నన్నేమి చూచి రక్షించును?"

అప్పుడు నాకు మెదకు దేవాలయము జ్ఞాపకమునకు వచ్చినది. కరువు దినములలో పాస్నెట్ దొరగారు ఆ కట్టడపు పనిలో అనేకులకు కూలి కల్పించి ఆకలి తీర్చిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. అక్కడ రాళ్లు మోసినవారు తినిన అన్నము వారి కష్టార్జితము. అయితే ఆ గుడిలో ప్రకటింపబడు రక్షణకు కూలి లేదు. రాయి మోసినవానికిని, మోయలేనివానికిని అది ఒక్కటే.

రోమా పత్రిక 4వ అధ్యాయములో పౌలు ఈ భేదమునే చూపుచున్నాడు. కూలి బాకీ, కృప దానము. సిలువమీది దొంగ ఏ సత్కార్యము చేయగలిగెను? అడిగెను, పొందెను.

ఊరకే దొరకునది చౌకయా? కాదు. మనకు ఉచితమే గాని, క్రీస్తు దానికి తన ప్రాణమునే వెల యిచ్చెను. మన విశ్వాసము సహా రొక్కము కాదు. అది అందుకొను ఖాళీ చెయ్యి. అయినను ఎవరి చెయ్యి వారే చాపవలెను. తాత గుడికి రాళ్లు మోసెనని మనుమడు రక్షింపబడడు. సత్క్రియలందురా? అవి రక్షణకు వెల కావు, రక్షింపబడినవాని కృతజ్ఞత.

"అమ్మా, ఆ ఖాళీ చేతులే చాలును" అంటిని. ఆమె కన్నీటితో చేతులు చాపెను.

చదువరీ, నీ చేతులలో ఏమున్నది?