పరుల గడ్డితో దయ

అమెరికాలోని యెల్లోస్టోన్ ప్రాంతమున ఎల్క్ అను పెద్ద దుప్పులు వేసవియందు ఎత్తైన కొండలపై మేయును. మంచు పేరుకొనగనే లోయలకు దిగివచ్చును. ఆ లోయలు నేడు చాలవరకు పశుపాలకుల సొంతభూములు. కంచెలు తెగును, ఆవులకై దాచిన ఎండుగడ్డి తరిగిపోవును. ఆవులకు గర్భస్రావము కలిగించు బ్రూసెల్లోసిస్ వ్యాధి దుప్పులనుండి సోకునను భయమును కలదు.

ఇందు దోషమెవరిది? దుప్పి తన పూర్వుల త్రోవనే నడచుచున్నది. ఆ వ్యాధియు తొలుత వలసవచ్చినవారి పశువులనుండియే వన్యమృగములకు సంక్రమించినది. అయినను నేటి పశుపాలకుడు దానిని తెచ్చినవాడు కాడు. గడ్డివామి అతని జీవనాధారము.

నగరవాసి మృగములను కాపాడుమనును. భావము మంచిదే, కాని ఆ దయకు వ్యయమగునది పరుల గడ్డి. తన చేతినుండి ఏమియు విడువని దయ ధర్మమగునా? గృహస్థునకు విహితమైన భూతయజ్ఞమున బలిని తన యన్నమునుండియే తీయవలెను గాని పొరుగువాని విస్తరినుండి కాదు.

వయోమింగ్ రాష్ట్రమునందలి జాక్సన్ లోయలో 1909 మొదలు కొన్ని కఠిన శీతకాలములందు దుప్పులు వేలకొలది ఆకలిచే మరణించెను. అచటివారు కొందరు తమ గడ్డినే వానికి పెట్టిరి. 1912లో జాతీయప్రభుత్వము అచట వానికొక శరణాలయము నేర్పరచెను. వన్యమృగములవలని పంటనష్టమునకు ఆ రాష్ట్రము పరిహార మిచ్చుచున్నది. ఐనను మేతకై గుమిగూడిన మందలలో వ్యాధి సులభముగా వ్యాపించును. కావున దయకు త్యాగమేకాక వివేకమును తోడు కావలెను.

మృగములను చూచిన సంతోషము అందరిదైనపుడు వాని భారమును అందరిదే. ఆ భారమున తన పాలును మోసినవాడే దయాళువు.