ఎరగా తెచ్చిన చేప

గాలానికి గుచ్చుటకు తెచ్చిన చిన్న చేపను గాజు తొట్టిలో వేసి పెంచితే, దానిని దయ అనవచ్చునా? చిన్న ప్రశ్నే గాని, మా ఇంటిలో ఒక వేసవి అంతా మమ్మును వదలలేదు. చదువరులు కూడ మాతో కలిసి ఆలోచించాలని వ్రాస్తున్నాము.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత కోస్తా జిల్లాల నుండి రాయచూరు ప్రాంతానికి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతు కుటుంబాలలో మాదీ ఒకటి. వేసవిలో ఎడమ కాలువ కట్టేసినప్పుడు పిల్లకాలువలలో అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. వాటిలో పరిగెలు చిక్కుకొంటాయి. తోక మొదట నల్లని చుక్కతో, వెండిలా మెరిసే వేలెడంత చేపలు. పిల్లలు పాత చీరముక్కతో వాటిని దేవి, కొర్రమీను కోసము బ్రతికుండగానే గాలానికి గుచ్చుతారు. మేమూ చిన్ననాడు అలాగే గుచ్చాము. ఎన్నడూ మనసు నొచ్చుకొనలేదు.

ఆ వేసవిలో మా మనవడు 20 పరిగెలను బకెట్టులో తెచ్చి, “వీటిని గుచ్చను తాతయ్యా, పెంచుతాను” అన్నాడు. 30 ఏళ్ళు బడిలో జీవకారుణ్యము గురించి పాఠాలు చెప్పిన మాకు ఎంత సంతోషము! ఆ సాయంత్రమే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి తెచ్చి, కుళాయి నీరు నింపి, ఇరవైని అందులో వదిలాము. అన్నము మెతుకులు ధారాళముగా చల్లాము.

మూడవ నాటికి నీరు కుడితిలా తెల్లబడినది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అయిదవ ఉదయానికి 14 చచ్చి తేలాయి. వాడు ఏడవలేదు. “గాలానికి గుచ్చి ఉంటే ఇన్ని రోజులు బాధపడేవి కావు గదా?” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకొన్నాము. చేపల విసర్జనము, కుళ్ళిన మేత నీటిలో అమ్మోనియాగా మారతాయి. అది మొప్పలను దెబ్బతీసే విషము. కాలువలో పారే నీరు దానిని పలుచన చేస్తుంది. తొట్టిలో ఆ పని సూక్ష్మజీవులు చేయాలి. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగాను, మరికొన్ని నైట్రైటును అంతగా హాని లేని నైట్రేటుగాను మారుస్తాయి. అవి ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళపై కుదురుకొనుటకు సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకూ, వీటికీ కూడ హాని చేస్తుంది. ఇవేమీ తెలియకుండానే మేము వాటిని రక్షించామనుకొన్నాము.

మిగిలిన ఆరింటి కోసము ఒక రోజంతా బయట నిలువ ఉంచిన నీటితో, ప్రతి దినము కొంత కొంత మార్చాము. కుదురుకొన్న తరువాత వారానికి నాలుగవ వంతు. రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత. ఎగిరి పడకుండ పైన వల. స్పాంజిని కుళాయి క్రింద గాక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండుట. ఆ ఆరూ బ్రతికాయి.

మేము గ్రహించినది ఇది. గాలానికి గుచ్చేవాడికి తాను చేసేది ఏమిటో తెలుసు. రక్షించామనుకొనే వారము మేము చేపను చూడలేదు, మా మంచితనాన్ని చూసుకొన్నాము. బకెట్టు ప్రక్కన పెట్టి గుచ్చనని చెప్పుటకు ఒక్క క్షణము చాలు. తరువాత ప్రతి దినము నీరు మోయాలి. ఆ మోత లేని దయ, దయ పొందిన ప్రాణికే బరువు.

జూలైలో కాలువకు నీరు వచ్చినది. “వదిలేద్దాము తాతయ్యా” అన్నాడు వాడు. మాకూ ఆశ పుట్టినది. భారము దిగిపోతుంది గదా! కాని తొట్టిలో దుకాణపు మొక్కలు పెట్టాము. వాటితో వచ్చిన తెగులు ఏదైనా కాలువ చేపలకు అంటవచ్చును. దోమల నివారణకని 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా చేప, మన చిన్న చేపల గ్రుడ్లను, పిల్లలను తినేదిగా తయారైనది. మంచి ఉద్దేశము ఒక్కటే చాలదు. కావున వద్దన్నాము. తెచ్చినవారమే చివరి వరకు చూడాలి.

పరిగె అనే మాటకు మన భాషలో మరొక అర్థమున్నది. కోత తరువాత చేనిలో మిగిలిన వెన్నులు. రూతు బోయజు పొలములో ఏరుకొన్నది అదే. మిగిలిపోయినది గనుక విలువ లేనిదని ఆ పొలములో ఎవరూ అనలేదు. కాలువ కట్టేసిన తరువాత మడుగులో మిగిలిన ఈ పరిగెను మేము అరవై ఏళ్ళు అలా చూడలేదు.

మేము కొర్రమీను పులుసు మానలేదు, దాచుకొనుట ఎందుకు? వాడు మాత్రము ఇప్పుడు గాలానికి వానపామును గుచ్చుతున్నాడు. వానపాము మాటేమిటని మేము అడుగలేదు. ఒకనాడు వాడే అడుగుతాడు, అప్పుడూ మా దగ్గర జవాబు ఉండకపోవచ్చును.

మీ పిల్లలు కూడ చేపలు తెస్తామంటే కాదనకండి. ఒక్క మాట చెప్పండి: తొట్టి ముందు, చేప ఆరు వారాల తరువాత.