కొండయు భాగవతుడే

విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద చెన్నై–కోల్‌కతా రహదారియు, మచిలీపట్నము నుండి హైదరాబాదు పోవు రహదారియు కలియుచున్నవి. అచట సాగు వాహనములలో పెక్కింట చోదకుని యెదుట ఏడుకొండలవాని పటము కానవచ్చును. గుంటూరు దారిన కృష్ణ దాటి పోవువారికి మంగళగిరి యెదురగును. ఓపిక గలవారు కొండ నెక్కుదురు. ఎక్కలేని వృద్ధుల, రోగుల గతి యేమి? ఇంట పటమునకు మ్రొక్కినవారికి ఫలము కొరవడునా?

అసలు కొండకు మ్రొక్కుట యెందులకు? మంగళగిరి స్థలపురాణము దీనికి బదులు చెప్పుచున్నది. పారియాత్ర మహారాజు కుమారుడు హ్రస్వశృంగి అంగవైకల్యముతో జన్మించి, తీర్థములు సేవించి, ఇచట తపస్సు చేసెను. తండ్రి ఇంటికి గొనిపోవ నెంచగా, స్వామిసన్నిధి విడువజాలక గజాకారమున కొండయై నిలిచెను. ఆ కొండపైననే నృసింహుడు పానకాలస్వామియై, భక్తుడర్పించిన పానకములో సగము గ్రహించి సగము ప్రసాదముగా విడుచుచున్నాడు. తిరుమలయు ఆదిశేషుని స్వరూపమే. అందుచేతనే శ్రీమద్రామానుజులు పాదము మోపక మోకాళ్లపై ఎక్కిరని సంప్రదాయము. కావున కొండ వట్టి రాయి కాదు. స్వామిని వహించు భాగవతుడు. మన మ్రొక్కు ఆ కైంకర్యమునకే.

ఇట్టి గిరిభక్తి జపానులోను గలదు. అచటి ఫుజి పర్వతముపై స్త్రీలకు 1872 వరకు శిఖరారోహణము నిషిద్ధము. ఎక్కలేనివారికై భక్తసమాజములు నేటి టోక్యో నగరమున ఫుజి రాళ్లతో చిన్న గుట్టలు కట్టుకొన్నవి. మచిలీపట్నపు దాపున పెడనలో బట్టలపై అద్దకము వేయునట్లే, అచట చెక్క అచ్చులతో కాగితముపై చిత్రములు ముద్రించెడివారు. హొకుసాయి అను చిత్రకారుడు 1830 ప్రాంతమున ఆరంభించిన ‘ముప్పదియారు ఫుజి దృశ్యములు’ తుదకు 46 అయినవి. అందొకదానిలో పీపాలు చేయు పనివాడు పెద్ద పీపాలో వంగి పని చేయుచుండును. దాని గుండ్రని నోటినుండి దూరమున చిన్న ఫుజి కనబడును. వాడు తలయెత్తి చూడకున్నను కొండ వానిని విడువలేదు.

అట్లని శక్తి గలవాడు పటమును సాకుగా జూపి యాత్ర మానుట భక్తి కాదు, సోమరితనము. మంచముపట్టిన తల్లికి సేవచేయుచు యాత్ర మానుకొన్న కుమారుని మాట వేరు. హ్రస్వశృంగి తండ్రి వెంట పోక నిలిచెను; ఈతడు తల్లిని విడిచి పోక నిలిచెను. నిలుకడ స్వామిప్రీత్యర్థమేయైనచో ఇరువురిలో భేదమేమి? అట్టివాని యింట గోడపైని పటమే కొండ. సేవలో కదలక నిలిచిన ఆతడును కొండయే.