బాట ఎవరిది?

ఇల్లున్నను, పొలమున్నను, అచ్చటికి పోవుటకు దారి లేనిచో ఆ రెండును వ్యర్థములే. అందుచేత ఏ దేశమునందైనను దారి తగవులు బహు పురాతనమైనవి. ఒకడు ఇది నా నేల యనును. పదిమంది ఇది మా బాట యందురు. తీర్పు చెప్పవలసిన అధికారి దేనిని చూచి నిర్ణయింపవలెను? ఇది చట్టమునకే కాక ధర్మమునకు కూడ సంబంధించిన ప్రశ్న.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున చాండ్లర్ అను నగరము కలదు. పశువైద్యుడైన డాక్టరు ఏ. జె. చాండ్లర్ 1891లో కన్సాలిడేటెడ్ కాలువ పనిని ఆరంభించి, 1912లో ఈ పట్టణమును నెలకొల్పెను. అంతకు అనేక శతాబ్దములకు పూర్వమే ఆ లోయలో హోహోకం ప్రజలు కాలువలు త్రవ్వి సేద్యము చేసియుండిరి. నేడు ఆ నగరమున తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఆ కాలువ గట్టు వెంబడి పిల్లలును వృద్ధులును నడచుచుందురు. గట్టు ఏర్పడినది కాలువ కొరకు. దానిపై జనులు నడచుట తరువాత చేసికొన్న ఏర్పాటు.

అధికారి గ్రహింపవలసిన మొదటి భేదము ఇచ్చటనే యున్నది. అనుమతిచే నడచుట వేరు, హక్కుచే నడచుట వేరు. భారతదేశమున 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, పరుని నేలపై శాంతముగా, బహిరంగముగా, అంతరాయము లేక, హక్కుగా 20 సంవత్సరములు నడచినవానికి దారిహక్కు సిద్ధించును. ఇంగ్లండులో 1980 నాటి హైవేస్ చట్టము ప్రజామార్గములకు ఇట్టి 20 సంవత్సరముల గడువునే పెట్టినది. తనకు అట్టి ఉద్దేశము లేదని యజమాని నిరూపించుటకు అవకాశమును ఇచ్చినది. అరిజోనాలో పొరుగువాని నేలపై దారిహక్కు కోరువాడు 10 సంవత్సరముల వాడకమును చూపవలెను. గడువులు వేరైనను సూత్రమొక్కటే. యజమాని దయతో తెరచియుంచిన తలుపు ఎన్నాళ్లకైనను హక్కు కానేరదు.

రెండవ భేదము కష్టతరమైనది. ఒక దారి ఉండుట మంచిదా యను ప్రశ్న వేరు. అచ్చట దారిహక్కు కలదా యను ప్రశ్న వేరు. ఇంగ్లండులో 1949 నాటి చట్టము ప్రజల కాలిబాటలకు అధికారిక పటములను ఏర్పరచినది. ఒక పాత బాటను ఆ పటమునకు ఎక్కించునపుడు సాక్ష్యమే ప్రమాణము; యజమానికి ఇబ్బందియా, నడచువారికి సౌకర్యమా యనునది లెక్కకు రాదు. ఇది దయలేని మాటగా తోచవచ్చును. నీళ్ల బిందెతో చుట్టు తిరిగి పోవలసిన వృద్ధురాలిని చూచి కరగని మనస్సు మనస్సా యని అడుగవచ్చును. కాని జాలితో తెరచిన దారిని రేపు మరియొక అధికారి కోపముతో మూయగలడు. హక్కుగా గుర్తింపబడిన దారిని మూయుట అంత సులభము కాదు.

అయినను సాక్ష్యమనగా పత్రము మాత్రమే యని తలచుట పొరపాటు. యజమాని చేతిలో పత్రములుండును; నడచువారికి జ్ఞాపకము మాత్రమే యుండును. ఆంధ్రదేశపు పల్లెలలో పుంతలు, డొంకలు అనబడు బండిబాటలు ఇరుప్రక్కల పొలములలో కలసిపోయి, గ్రామపటముపై గీతలుగా మిగిలియుండుట కలదు. అధికారి పటమును చూడవలెను. ఆ దారిని స్వయముగా నడచి చూడవలెను. పశువుల కాపరి మాటను, కూలి స్త్రీ మాటను భూస్వామి మాటతో సమానముగా వినవలెను. జాలి చూపనక్కరలేదు గాని చెవి యొగ్గవలెను.

పత్రము లేనివాని మాటకు విలువ లేకున్న ఏమగునో చెరకు తోటల సంతతివారికి విడమరచి చెప్పనక్కరలేదు. మారిషస్‌లో 1867 నాటి చట్టము క్రింద, ఒప్పందము ముగిసిన వలసదారులు తమ ఛాయాచిత్రము గల టిక్కెట్టును దగ్గర నుంచుకొనవలసి వచ్చినది. అది లేక బాటపై కనబడినవారిని దేశదిమ్మరులని పట్టుకొనిరి. 1871లో ఆడాల్ఫ్ డి ప్లెవిట్జ్ తోడ్పాటుతో 9,401 మంది విన్నపము చేసికొనగా, మరుసటి యేడు రాయల్ కమిషన్ వచ్చి విచారించినది. అది అందరు నడచు బాటయే. కాని వారు నడచినచో నేరమైనది.

ఆ కాలము గతించినదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. చాండ్లర్ నగరముననే 1997 జూలైలో నగర పోలీసులును సరిహద్దు గస్తీవారును కలసి, అనుమతి లేని వలసదారులకై ఐదు దినములు వీధులు గాలించి 432 మందిని పట్టుకొనిరి. ఆ గాలింపులో అమెరికా పౌరులు సైతము చర్మపు రంగును బట్టి ఆపబడిరి. పత్రములు చూపుమని అడుగబడిరి. రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ ఆ పద్ధతిని తప్పుపట్టినది. నగరముపై వచ్చిన దావా 1999లో 4,00,000 డాలర్ల రాజీతో ముగిసినది. వలస చట్టమును అమలుపరచుట ప్రభుత్వపు ధర్మమే యనువారి మాటలో సత్యము లేకపోలేదు. కాని ముఖము సాక్ష్యము కాదు. వీధి ప్రజలదని నిర్ణయమైన పిదప, ఈ మనుష్యుడు ప్రజలలోనివాడేనా యని రంగును చూచి అడుగుట ఆ నిర్ణయమును రద్దుచేయుటయే.

కావున దారి తగవు తీర్చువాడు ఎవరు నడచిరని కాక, ఎట్లు నడచిరి, ఎంతకాలము నడచిరి యని అడుగవలెను. సాక్ష్యము చాలకున్న బీదవానికైనను లేదనవలెను. చాలినచో ధనవంతుని గోడకైనను ద్వారము పెట్టింపవలెను. ముఖమును చూచి ఇచ్చినది అనుగ్రహము; అడుగుజాడను చూచి ఇచ్చినది న్యాయము. పత్రములు లేని పెద్దల బిడ్డలు ఈ భేదమును మరువరాదు. తామే అధికార పీఠమునెక్కిన దినమున అసలే మరువరాదు.