తాకినదెంత, తాకనిదెంత

ఒక వస్తువు మరొక వస్తువును తాకింది అన్నప్పుడు అందులో విచారించాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. మన దార్శనికులకు అలా అనిపించలేదు. బ్రహ్మసూత్రభాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో వైశేషికుల పరమాణువాదాన్ని ఖండిస్తూ శంకరాచార్యులు ఒక ఇరకాటపు ప్రశ్న వేస్తారు. పరమాణువు ఇంకో పరమాణువుతో కలిసేటప్పుడు మొత్తంగా కలుస్తుందా, ఒక వైపు మాత్రమే కలుస్తుందా? మొత్తంగా కలిస్తే రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, పరిమాణం పెరగదు. ఒక వైపు మాత్రమే కలిస్తే పరమాణువుకు వైపులున్నాయని, అంటే అవయవాలున్నాయని ఒప్పుకోవాలి. బౌద్ధ దార్శనికుడు వసుబంధుడు వింశతికలో ఇదే తీరున వాదించాడు. ఈ తర్కం పరమాణువుల దగ్గర ఆగలేదు. రెంటి మధ్య ఏ సంబంధమైనా అసాధ్యమే, లేదా రెండూ ఒకటైతే తప్ప సంబంధం పూర్తి కాదు అనే ధోరణికి ఇది ఆసరా అయింది. ఆ ధోరణి తప్పని నా వాదన. దానికి నేను చూపే సాక్ష్యం కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేడిని దాటించే మెత్తని థర్మల్ పేస్ట్ రాసి, పైన ఆ వేడిని లాగే కూలర్ బిగించే పని. తాకిడి ఎంత జరిగిందో డిగ్రీల లెక్కన కంటికి చూపించే పనులు ఎక్కువ లేవు. ఇది చూపిస్తుంది.

ప్రాసెసర్ పైన నికెల్ పూత పూసిన రాగి మూత ఉంటుంది. కూలర్ అడుగుభాగం కూడా చాలావాటిలో రాగే. రెండూ చేతికి నున్నగా తగులుతాయి. ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కితే అంతటా అతుక్కున్నట్టే ఉంటుంది, కానీ అతుక్కోవు. సూక్ష్మంగా చూస్తే రెండు ఉపరితలాలూ మిట్టలు, పల్లాలే. మిట్టల కొసలు మాత్రమే ఒకదానికొకటి ఆనుతాయి. శాస్త్రవేత్తలు బౌడెన్, టేబర్ 1939లో లోహాల మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, నిజంగా తాకే విస్తీర్ణం పైకి కనిపించే విస్తీర్ణంలో అతి స్వల్ప భాగమని, అది నొక్కే బలాన్ని బట్టి పెరుగుతుందని చూపారు. మిగతా చోటంతా గాలి. గాలి ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.026 వాట్లు, రాగిది సుమారు 400. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్‌కు ప్రకటించిన టీడీపీ, అంటే కూలర్ తొలగించాల్సిన వేడి, 170 వాట్లు. అంత వేడి 16 చదరపు సెంటీమీటర్ల మేర సమానంగా పరుచుకుని, 0.05 మిల్లీమీటరు సందును గాలి గుండానే దాటాలనుకుంటే, లెక్క ప్రకారం ఆ సందుకు అటూ ఇటూ 200 డిగ్రీల తేడా రావాలి. అదే సందును 5 వాట్ల వాహకత ఉన్న మామూలు పేస్ట్‌తో నింపితే తేడా ఒక డిగ్రీ. ఈ ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి ఈ లెక్క కాగితం మీదే ఉండిపోదు, వేగం తగ్గడంలో కనిపిస్తుంది.

ఇక్కడ న్యాయదర్శనం వారైన నైయాయికుల మాటకు బలం వస్తుంది. సంయోగం, అంటే తాకిడి, తన ఆశ్రయమంతటా వ్యాపించి ఉండదని వారు చెప్పారు. అవ్యాప్యవృత్తి అని దానికి పేరు పెట్టారు. చెట్టు మీద కోతి కూర్చుంటే ఆ చెట్టుకే కొమ్మ దగ్గర కపిసంయోగం ఉంది, మొదలు దగ్గర లేదు. ఒకే వస్తువులో ఒకే సంయోగం ఉండడమూ, లేకపోవడమూ రెండూ నిజం, విరోధం లేదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రాసిన తర్కసంగ్రహం చదివే పిల్లలకు సంయోగం 24 గుణాల్లో ఒకటిగా మొదట్లోనే పరిచయమవుతుంది. దాన్ని పరీక్ష కోసం వల్లెవేసి వదిలేయడం నాకు బాధగా తోస్తుంది, ఎందుకంటే అందులో లోతైన పరిశీలన ఉంది. మూతా కూలరూ కలిసే తీరు అచ్చంగా అవ్యాప్యవృత్తే: ఈ మిట్ట దగ్గర ఉంది, పక్క పల్లంలో లేదు. వైశేషికులు ఇంకో అడుగు వేసి సంయోగం నుంచి పుట్టే సంయోగాన్ని చెప్పారు. వేలు చెట్టుకు తగిలితే దేహమూ చెట్టుకు తగిలినట్టే. కొలత ఇక్కడ వారి మాటను కొంచెం సరిచేస్తుంది. కొన్ని కొసలు ఆనినందుకు కూలరు మొత్తం ప్రాసెసర్‌ను తాకిందనడం తప్పు కాదు, కానీ ఎంత తాకిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వేడికి కావలసింది ఆ ఎంత అన్నదే. తాకిడి ఉందా లేదా అని రెండే జవాబులు పెట్టుకున్నవారు శంకరుల ప్రశ్నలో చిక్కుకుంటారు; దానికి పాళ్లున్నాయని ఒప్పుకుంటే ఆ ప్రశ్న పట్టు సడలుతుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. రెంటినీ కలపడానికి మూడోది తెచ్చావు. ఆ మూడోది మొదటిదానితో కలవడానికి నాలుగోది కావాలి, దానికి ఐదోది. గుణం ద్రవ్యంలో ఉండడం వంటి విడదీయరాని సంబంధాన్ని వైశేషికులు సమవాయం అన్నారు; దాన్ని శంకరులు ఖండించింది ఇలా అంతులేకుండా సాగే అనవస్థతోనే. ఆంగ్ల దార్శనికుడు బ్రాడ్లీ 1893లో పాశ్చాత్య తత్త్వశాస్త్రంలోనూ ఇదే చిక్కును చూపాడు. పైకి చూస్తే పేస్ట్ విషయంలో ఇది నిజమే: పేస్ట్‌కూ మూతకూ మధ్య మళ్లీ ఒక సరిహద్దు, పేస్ట్‌కూ కూలరుకూ మధ్య ఇంకొకటి. కానీ ఆ సరిహద్దులో ఇంకో పేస్ట్ అక్కర్లేదు. గట్టి లోహం గట్టి లోహానికి లొంగదు కాబట్టి సందు మిగులుతుంది. పేస్ట్ లొంగుతుంది, ఎదుటి పల్లం ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారం తీసుకుంటుంది. మూడోది మొదటి రెండింటిలాంటిదే అయితే అనవస్థ తప్పదు, స్వభావంలో వేరైతే అక్కడితో ఆగిపోతుంది. సమవాయం తన స్వరూపం వల్లనే సంబంధిస్తుందని, ఇంకో సంబంధం కోరదని నైయాయికులు ఇచ్చిన జవాబును మొండివాదంగా కొట్టిపారేస్తారు. అలాంటి జవాబు అర్థవంతంగా ఉండగలదని ఈ పని చూపుతోంది.

పేస్ట్ ద్రవ్యం, సంయోగం గుణం, రెండింటినీ కలిపేశావని నైయాయికుడే అభ్యంతరం చెప్పవచ్చు. అతని మాట సరైనదే, నా వాదానికి సాయం కూడా. పేస్ట్ సంబంధం కాదు. సంబంధం కలిగే చోట్లను పెంచే పదార్థం. రాసే పద్ధతి అంతా ఈ భేదం మీదే నడుస్తుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీసేసి, మూత నడుమ బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తే ఒత్తిడే దాన్ని పలుచగా పరుస్తుంది. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత రెండో మూలకు వెళితే పొర ఒక పక్కకే తోసుకుపోతుంది. దళసరిగా రాస్తే మేలు ఎక్కువనుకోవడం సంబంధాన్నీ ద్రవ్యాన్నీ ఒకటి చేసే పొరపాటే: అదే పేస్ట్ అర మిల్లీమీటరు మందం ఉంటే పై లెక్కలో ఒక డిగ్రీ తేడా పది దాటుతుంది, ఎందుకంటే పేస్ట్ గాలి కంటే ఎంత మేలైనా రాగి కంటే 80 రెట్లు నాసి. లోహం లోహాన్ని ఆనగలిగిన చోట పేస్ట్ తప్పుకోవాలి, ఆనలేని చోటే నిలవాలి. బిగించాక కూలర్‌ను పైకెత్తి చూసి మళ్లీ పెట్టడమూ కూడదు. విభాగం సంయోగాన్ని నాశనం చేస్తుందని, తర్వాత కలిగేది కొత్త సంయోగమని వైశేషికులు అన్నారు. ఎత్తినప్పుడు పేస్ట్ రెండుగా చీలి మధ్యలోకి గాలి చేరుతుంది కనుక అంతా తుడిచి కొత్తగా రాయడమే దారి.

అయితే మూడోది లేకుండా, సందు అనేదే లేకుండా రెండు పదార్థాలు కలిస్తే? అప్పుడైనా అవి ఒకటవుతాయా? 1941లో భౌతిక శాస్త్రవేత్త కాపిట్జా రాగికీ ద్రవ హీలియానికీ మధ్య వేడి ప్రవాహాన్ని పరీక్షించాడు. ద్రవం లోహాన్ని సందు లేకుండా తడుపుతుంది, మధ్యలో గాలి లేదు. అయినా సరిహద్దు దగ్గర ఉష్ణోగ్రతలో ఒక్కసారిగా తేడా కనిపించింది. రెండు పదార్థాల్లో ప్రకంపనాలు సాగే వేగం, అవి మోసుకుపోయే తీరు వేరు కావడంతో తరంగాల్లో ఎక్కువ భాగం అక్కడే వెనక్కి మళ్లుతాయి. పూర్తిగా కలిస్తే ఒకటైపోవాలి అన్న, శంకరుల ప్రశ్నలోని మొదటి పక్షం ఇక్కడ వీగిపోతుంది. సందు లేని కలయికలోనూ రాగి రాగిగానే, హీలియం హీలియంగానే ఉన్నాయి. జీవేశ్వర సంబంధం గురించి మాట్లాడేటప్పుడు భేదం మిగిలి ఉంటే సంబంధం అసంపూర్ణమే అని ముందుగానే తేల్చేసేవారు ఈ ప్రయోగాన్ని పట్టించుకోవాలి. అద్వైతం తప్పని ఇది నిరూపించదు, కానీ అద్వైతానికి ఈ ఒక్క దారిలో రుజువు దొరకదు.

ఇదంతా వ్యావహారికం, పరమార్థంలో కూలరూ లేదు, ప్రాసెసరూ లేదు అని చివరికి ఒక మాట రావచ్చు. శంకరులు ఆ పాదంలో వైశేషికులను శ్రుతితో కాదు, యుక్తితో ఎదుర్కొన్నారు; లోకంలో సంయోగం అవయవాలున్న వస్తువులకే కనిపిస్తుందన్న అనుభవాన్నే ఆధారం చేసుకున్నారు. అనుభవాన్ని సాక్షిగా పిలిచినవారు ఆ సాక్షి మిగతా మాటలు కూడా వినాలి. అవయవాలు లేని పరమాణువు విషయంలో ఆయన ప్రశ్నకు పైన చెప్పినదేదీ సమాధానం కాదు, దానికి వైశేషిక దర్శనకర్త కణాదుని అనుయాయులే బదులు చెప్పుకోవాలి. అవయవాలున్న వస్తువుల విషయంలో మాత్రం ఒక వైపు తాకడం అనేది దోషం కాదు, తాకిడికి ఉన్న అసలు రూపం అదే.